డిక్కీలో ఎన్ని లీటర్లు ఖాళీ?

కారులో బేస్ చాలడం లేదని షాపుకు వెళ్లినవారు మొదట అడిగే మాట “ఎన్ని వాట్లది?” అని. షాపువాళ్లు చూపించేదీ వాట్లే. అట్టపెట్టె మీద 2,000, 3,000 అంటూ ఇంత లావు అంకెలు ఉంటాయి. పెద్ద కారుకైతే ఈ బేరం ఎలాగోలా గట్టెక్కుతుంది. చిన్న కారుకు మాత్రం ముందు తేలాల్సింది లీటర్లు. సబ్‌వూఫర్ వెనక మూసిపెట్టడానికి మీ బండి ఎంత చోటు వదులుకోగలదు? స్విఫ్ట్ డిక్కీ మొత్తం 265 లీటర్లు, ఆల్టో కె10ది 214. గాలిగొట్టం పెట్టిన 12 అంగుళాల వూఫర్ పెట్టె ఒక్కటే బయటి కొలతల్లో 70, 80 లీటర్లు తినేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లేనాడు బ్యాగులు ఒళ్లో పెట్టుకోవాల్సి వస్తుంది. కొన్నాళ్లకు ఇంట్లోవాళ్ల పోరు పడలేక ఆ పెట్టె కాస్తా దిగి అటక ఎక్కుతుంది.

చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే పెద్ద శబ్దం: ఈ మూడింటిలో ఏ రెండైనా దొరుకుతాయి, మూడూ దొరకవు. 1957లో అమెరికాలో మొదలైన కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద ఉన్న సూత్రం ఇది. ఆడియో ఇంజినీర్లు దీన్ని ఉక్కు నియమం అంటారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఇక్కడా కుదరదు. పెట్టె చిన్నదిగా ఉండాలి, బేస్ లోతుగా ఉండాలి అనుకుంటే లీటర్లలో మిగుల్చుకున్నదాన్ని వాట్లలో కట్టాలి. ఇరుకు కారులో వూఫర్, ఆంప్లిఫైయర్ మార్చే పనంతా ఈ ఒక్క లావాదేవీ చుట్టూనే తిరుగుతుంది.

అసలు పెట్టె ఎందుకు? వూఫర్ కోన్ ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. మధ్యలో అడ్డు లేకపోతే ఇది దాన్ని, అది దీన్ని రద్దు చేసుకుంటాయి, బేస్ మిగలదు. అడ్డు కోసం పెట్టె కట్టగానే మరో చిక్కు వస్తుంది. అందులో బందీ అయిన గాలి స్ప్రింగులా పనిచేయడం మొదలుపెడుతుంది. 1954లో ఎడ్గార్ విల్చర్ ఆ స్ప్రింగునే ఆసరాగా చేసుకుని ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. అంతకుముందు బీరువా అంత ఉండే బేస్ స్పీకర్ దాంతో బాగా చిన్నదైపోయింది. ఈనాటి మూసిన సబ్‌వూఫర్ పెట్టెలన్నీ ఆ దారిలో వచ్చినవే. కాకపోతే పెట్టె కుదించినకొద్దీ స్ప్రింగు బిగుస్తుంది. వూఫర్ కింది స్వరాలకు దిగనని మొరాయిస్తుంది.

ఎంత మొరాయిస్తుందో కొనకముందే లెక్కేయవచ్చు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ తీర్చిదిద్దిన కొలతలు మంచి వూఫర్‌తో వచ్చే కాగితంలో అచ్చయి ఉంటాయి. ఎఫ్‌ఎస్ అంటే ఆ వూఫర్ పెట్టె లేకుండా సహజంగా కంపించే స్థాయి. వీఏఎస్ అంటే దాని సొంత బిగువుకు సమానమైన బిగువు ఉండే గాలి ఎన్ని లీటర్లో చెప్పే అంకె. ఎఫ్‌ఎస్ 30 హెర్ట్జ్, వీఏఎస్ 40 లీటర్లు ఉన్న వూఫర్‌ను తీసుకుందాం. 40 లీటర్ల మూసిన పెట్టెలో బిగిస్తే దాని కంపన స్థాయి 42 హెర్ట్జ్‌కు చేరుతుంది. 20 లీటర్లలో 52. 10 లీటర్లలో 67. ఆ గీత కిందికి పోయినకొద్దీ శబ్దం జారిపోతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. అంటే ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడక కోసం చెవి కోసుకునేవారికి 10 లీటర్ల పెట్టె అడుగు స్వరాలను పలచన చేసి ఇస్తుంది. డప్పు దెబ్బ మాత్రం దడదడలాడుతుంది. పైగా మరీ ఇరుకైన పెట్టె తన కంపన స్థాయి దగ్గర శబ్దాన్ని ఉబ్బిస్తుంది. ఏ పాట పెట్టినా ఒకే ‘ధుమ్ ధుమ్’ వినిపించే కార్ల రహస్యం చాలాసార్లు ఇదే.

దిండ్లలో నింపే పాలియెస్టర్ దూదిని పెట్టెలో వదులుగా పరిస్తే స్ప్రింగు కాస్త మెత్తబడి, పెట్టె కొంచెం పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. పది, పదిహేను శాతం లాభం అనుకోవచ్చు. అంతకంటే ఆశపడొద్దు.

ఇక్కడిదాకా విన్నవారికి చిన్న కారులో బేస్ అత్యాశేమో అనిపిస్తుంది. కానీ కారు మనవైపే ఉంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. కారు క్యాబిన్ పొడవు రెండున్నర, మూడు మీటర్లకు మించదు. సగం తరంగం కూడా లోపల పట్టని స్థాయికి, అంటే సుమారు 60 హెర్ట్జ్ కిందికి వచ్చాక శబ్దం తరంగంలా అటూ ఇటూ ప్రయాణించదు. క్యాబిన్‌లోని గాలి మొత్తం ఒకేసారి నొక్కుకుని, ఒకేసారి వదులవుతుంది. ఈ దశలో స్వరం ఒక స్థాయి (అష్టకం) కిందికి దిగిన ప్రతిసారీ లెక్క ప్రకారం 12 డెసిబెల్ దాకా బలం కలిసొస్తుంది. మూసిన పెట్టె అదే దూరంలో పోగొట్టుకునేదీ 12 డెసిబెల్లే. చెల్లుకు చెల్లు. అద్దాలు, తలుపులు కాస్త ఊగుతాయి, గాలి కారుతుంది కాబట్టి నిజంలో అంత పూర్తిగా కలిసిరాదు గానీ, హాల్లో పెడితే పీలగా మోగే 20 లీటర్ల పెట్టె హ్యాచ్‌బ్యాక్‌లో గుండెకు తగిలేది ఇందుకే.

అందువల్ల ఇరుకు కారుకు నా ఓటు మూసిన పెట్టెకే. గొట్టం ఉన్న పెట్టె అదే వాట్లకు ఎక్కువ మోగుతుంది, నిజమే. కానీ చోటు ఎక్కువ అడుగుతుంది. కుదించి కడితే గొట్టంలోంచి బుస్సుమని గాలి చప్పుడు వస్తుంది. పాటలోని స్వరం ఆ గొట్టాన్ని ట్యూన్ చేసిన స్థాయి కంటే కిందికి వెళ్తే కోన్‌కు వెనక పట్టు ఉండదు, విచ్చలవిడిగా ఊగి చెడిపోతుంది. డిజైర్, అమేజ్ లాంటి సెడాన్ల సంగతి వేరు. వెనక సీటు, పైనున్న రేకు డిక్కీని క్యాబిన్ నుంచి వేరు చేస్తాయి కాబట్టి బేస్‌లో కొంత డిక్కీలోనే ఉండిపోయి నంబర్ ప్లేటును ఊపుతుంది. వెనక సీటుకు మధ్యలో ఆర్మ్‌రెస్ట్ తెరిస్తే డిక్కీలోకి కన్నం ఉండే కార్లు ఈ విషయంలో అదృష్టవంతమైనవి.

ఇక చోటు వేట. చాలామంది మొదట పెట్టించుకునేది సీటు కింద పట్టే అల్యూమినియం పెట్టె. 8 అంగుళాల కోన్, లోపలే ఆంప్, ఎత్తు ఏడెనిమిది సెంటీమీటర్లు. డిక్కీ ఒక్క అంగుళం కూడా పోదు. డోర్ స్పీకర్ల కింద ఖాళీగా ఉన్న భాగాన్ని నింపడానికి ఇది చాలు, అద్దాలు వణకాలంటే చాలదు. కొనేముందు టేపు పట్టుకుని సీటును పూర్తిగా కిందికి దించి, ముందుకూ వెనక్కూ జరిపి కొలవాలి. వెనక సీటువాళ్ల కాళ్లకు ఏసీ గాలి పంపే గొట్టం అక్కడ ఉందేమో చూడాలి. సీటు కింద పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. దాన్ని కదపకూడదు, దాని తీగ మీద పెట్టె బరువు పడకూడదు. వానాకాలం మునిగిన రోడ్ల మీద తిరిగే బండి అయితే కార్పెట్ కిందికి నీళ్లొచ్చిన చరిత్ర ఉందో లేదో కూడా గుర్తు తెచ్చుకోవాలి.

అంతకంటే ఎక్కువ కావాలన్నవారికి స్టెప్నీ గుంట ఒక దారి. రిమ్ము మధ్య ఖాళీలో కూర్చునే గుండ్రటి సబ్‌వూఫర్లు ఉన్నాయి. స్టెప్నీ అక్కడే ఉంటుంది, డిక్కీ నేల చదునుగానే ఉంటుంది. స్టెప్నీ తీసేసి గుంట మొత్తం వాడుకోమని చెప్పేవాళ్లూ ఉంటారు. 2020 జులైలో కేంద్రం సవరించిన మోటారు వాహన నిబంధనల ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్, టైరు గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ మూడూ ఉన్న కార్లకే ఆ వెసులుబాటు. రాత్రి పూట శ్రీశైలం ఘాట్‌లో టైరు పేలితే పాట వింటూ కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి నేనైతే ఆ సలహా ఇవ్వను.

మూడో దారి, నాకు బాగా నచ్చినది, డిక్కీ పక్క గోడలో వీల్ ఆర్చ్ వెనక ఉండే గుంట. ఫైబర్‌గ్లాస్‌తో అచ్చు తీసి ఆ ఆకారానికే పెట్టె కడితే 10 నుంచి 15 లీటర్లు వస్తాయి, సామాను చోటు దాదాపు చెక్కుచెదరదు. పనితనం తెలిసిన చేయి కావాలి, కూలీ వూఫర్ ధరను దాటినా దాటవచ్చు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న బండికి మిగిలేవి ఈ పక్క గుంట, సీటు కింద చోటు మాత్రమే. అలాంటి బండిలో డిక్కీ నేలకు ఎక్కడపడితే అక్కడ స్క్రూ దించడం ప్రమాదం. కింద గ్యాస్ పైపు పోతూ ఉండొచ్చు. కరెంటు తీగను ఆ పైపు వెంట పోనివ్వకూడదు.

వెనక సీటు వీపు వంపుకు తగ్గట్టు ఏటవాలుగా కట్టే చెక్క పెట్టె అన్నిటికంటే చవక. ఇక్కడ ఒక లెక్క తప్పకుండా చూసుకోవాలి. బయట 50 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 20 లోతు ఉన్న పెట్టె బయటి ఘనపరిమాణం 35 లీటర్లు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో కడితే లోపల మిగిలేది 24 లీటర్లే. చెక్కే 11 లీటర్లు మింగేసింది. వూఫర్ అయస్కాంతం, బుట్ట ఇంకో లీటరో, రెండో తింటాయి. అదే 12 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్‌తో, లోపల ఒక అడ్డు పట్టీ వేసి కడితే 27 లీటర్లు దక్కుతాయి. షాపులో “పాతిక లీటర్ల పెట్టె” అంటే లోపలి కొలతో బయటి కొలతో అడగండి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పెట్టెలో లోపలి లోతు 16 సెంటీమీటర్లు. మామూలు 10 అంగుళాల వూఫర్ 13, 14 సెంటీమీటర్లు లోపలికి దిగుతుంది. అయస్కాంతం వెనక రంధ్రం ఉంటే దానికి ఊపిరాడటానికి రెండు, మూడు సెంటీమీటర్లు వదలాలి. అంటే సరిగ్గా అంచు మీద ఉన్నాం. తొమ్మిది సెంటీమీటర్లలో సరిపోయే పలచటి వూఫర్లు ఇలాంటి చోటికే తయారయ్యాయి.

ఇప్పుడు వాట్ల మాట. సీటు కింద 150 వాట్ల 8 అంగుళాల పెట్టె ఉంది, చాలడం లేదనుకోండి. వాట్లు రెట్టింపు చేసి 300 పెడితే వచ్చే లాభం 3 డెసిబెల్. తేడా తెలుస్తుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్ కావాలి, దానికి ఇదే లెక్కన వాట్లు పది రెట్లు చేయాలి. మరో దారి చూడండి. 8 అంగుళాల కోన్ విస్తీర్ణం 210 చదరపు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, 10 అంగుళాలది 330. కోన్ చెడకుండా ఎంత దూరం ఊగగలదో చెప్పే అంకె ఎక్స్‌మ్యాక్స్. మొదటిది 6 మిల్లీమీటర్లు, రెండోది 12 అనుకుంటే, కొత్త వూఫర్ నెట్టగలిగే గాలి మూడు రెట్లు. అక్కడే ఆ 10 డెసిబెల్ వచ్చేసింది. బేస్ అంటే గాలిని నెట్టడం. స్వరం ఒక స్థాయి కిందికి పోతే అదే శబ్దానికి కోన్ నాలుగింతలు ఊగాలి. ఊగలేని కోన్‌కు ఎన్ని వాట్లు పోసినా కాయిల్ వేడెక్కడమే మిగులుతుంది. చోటు తక్కువైనప్పుడు ఎక్స్‌మ్యాక్స్ ఎక్కువున్న ఒక్క 10 అంగుళాల వూఫర్, 15 నుంచి 20 లీటర్ల మూసిన పెట్టె, నికరంగా 300 వాట్ల ఆంప్. నలుగురు కూర్చునే కారుకు నా లెక్కలో ఇది దండిగా సరిపోతుంది.

‘నికరంగా’ అన్నది ఊరికే అనలేదు. అట్టపెట్టె మీద అంకె క్షణకాలపు గరిష్ఠం, అదీ అమ్మేవారి ఊహ. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగేవి. 2003లో అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ తెచ్చిన సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం 14.4 వోల్టుల మీద, 4 ఓమ్‌ల లోడుకు, వక్రీకరణ 1 శాతం దాటకుండా ఇచ్చే వాట్లే లెక్క. ఆ ముద్ర లేకపోతే ఆంప్ పక్కన గుచ్చిన ఫ్యూజులు చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉందనుకుందాం. ముప్ఫైని 14 వోల్టులతో గుణిస్తే 420 వాట్లు లోపలికి పోతాయి. అందులో నూటికి 80 బయటికొచ్చినా 336. దాని మీద 3,000 అని రాసి ఉంటే నవ్వుకుని పక్కన పెట్టేయవచ్చు.

ఇరుకులో ఆంప్ ఎంచుకునేటప్పుడు క్లాస్ డి తప్ప మరోటి చూడనక్కర్లేదు. 300 వాట్లు బయటికివ్వడానికి పాత క్లాస్ ఏబీ ఆంప్ సుమారు 500 లాగి 200 వాట్లను వేడిగా వదులుతుంది. క్లాస్ డి 50, 60 వాట్ల వేడితో సరిపెడుతుంది. మే నెలలో విజయవాడ ఎండకు గంటసేపు నిలిపిన కారులో సీటు కింద కూర్చునే వస్తువుకు ఈ తేడా చావుబతుకుల సమస్య. సైజు కూడా సగమే. సీటు కింద, వెనక సీటు వీపుకు, ఎక్కడైనా బిగించవచ్చు, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ ఉంటే చాలు. వూఫర్ పెట్టె మీద మాత్రం బిగించొద్దు, కుదుపులకు లోపలి అతుకులు వదులవుతాయి. వూఫర్‌కు రెండు కాయిళ్లు ఉంటే కలిపే తీరును బట్టి లోడు మారుతుంది. 4 ఓమ్‌లవి రెండు పక్కపక్కన కలిపితే 2, వరసగా కలిపితే 8. ఆంప్ ఏ లోడుకు ఎన్ని వాట్లిస్తుందో చూశాకే వూఫర్ ఎంచుకోవాలి.

తీగ దగ్గర పిసినారితనం చేస్తే ఇంతా చేసింది వృథా. ఫీడర్ చివరి పొలంలో మోటారు లో వోల్టేజీకి మూలిగినట్టే సన్న తీగ చివర ఆంప్ మూలుగుతుంది. నికర 300 వాట్లకు క్లాస్ డి ఆంప్ సుమారు 27 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీకి ఐదు మీటర్లు. అసలైన 8 గేజ్ రాగి తీగలో 0.3 వోల్టు కంటే తక్కువే పోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలో అర వోల్టుకు దగ్గరగా పోతుంది. చవక కిట్లలో వచ్చేది సాధారణంగా ఈ రెండోదే, కొన్నిట్లో పైన రబ్బరు లావుగా, లోపల తీగ సన్నగా ఉంటుంది. కొస చెక్కి చాకుతో గీకితే తెల్లగా కనబడిందంటే అల్యూమినియమే. 4 గేజ్ రాగి కొంటే రేపు ఆంప్ పెంచినా మళ్లీ కార్పెట్ లేపక్కర్లేదు. ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది ఆంప్‌ను కాపాడటానికి కాదు, తీగ ఎక్కడైనా బాడీకి రాసుకుంటే బండి తగలబడకుండా ఆపడానికి. ఎర్త్ తీగను రంగు గీకిన బాడీ రేకుకు బిగించాలి. ఈ మధ్య కార్లలో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉంటోంది. ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కే తగిలిస్తే సెన్సర్‌కు తెలియకుండా కరెంటు పోయి దాని లెక్క తప్పుతుంది.

కంపెనీ స్టీరియో మార్చకుండానే పని జరుగుతుంది. స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ చాలా ఆంప్‌లలో ఉంటుంది. తీగ కోయకుండా కప్లర్‌కు కప్లర్ కలిపే హార్నెస్ దొరికితే వారంటీ గొడవ తగ్గుతుంది. కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్‌ను తామే కోసేస్తాయి, డోర్ స్పీకర్లు చిరగకుండా. అలాంటి చోట సిగ్నల్‌ను సరిచేసే చిన్న పరికరం మధ్యలో పెట్టాలి.

బిగించాక మిగిలేది మరలు తిప్పడం. సగం షాపులు గాలికొదిలేసేది ఈ పనినే. గెయిన్ మర వాల్యూమ్ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను జత కలిపేది. వూఫర్ తీగ విప్పి, బేస్ బూస్ట్ సున్నాకు దించి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, ఫోన్‌లో 50 హెర్ట్జ్ టోన్ మోగించండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద ఉంచి ఆంప్ అవుట్‌పుట్ చూస్తూ గెయిన్ పెంచండి. 4 ఓమ్‌లకు 300 వాట్లంటే 34.6 వోల్టులు, 2 ఓమ్‌లకు 24.5. అక్కడ ఆగండి. వూఫర్‌కు పై స్వరాలు పోకుండా ఆపే లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. స్టీరియోలో వీలుంటే డోర్ స్పీకర్లకు 80 కింద కత్తిరించండి. బరువు దిగిపోయి వాటిలో గొంతు ఎంత తేటపడుతుందో విని ఆశ్చర్యపోతారు. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని, వెనక ఒకరిని పెట్టి ఫేజ్ స్విచ్ అటూ ఇటూ వేయించండి. ఏ వైపు బేస్ నిండుగా ఉంటే అదే సరైనది. హ్యాచ్‌బ్యాక్‌లో వూఫర్ ముఖాన్ని డిక్కీ తలుపు వైపు తిప్పితే తరచుగా ఇంకాస్త మోగుతుంది, అదీ ప్రయత్నించి చూడండి.

బేస్ వచ్చిన మొదటి రోజే గరగరలు బయటపడతాయి. వూఫర్ చెడిందని షాపుకు పరిగెత్తకముందు నంబర్ ప్లేటు, పార్సెల్ ట్రే, డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ ఒక్కొక్కటీ చేత్తో నొక్కి పట్టి చూడండి. ప్లేటు వెనక రెండు ఫోమ్ ముక్కలు, తలుపు రేకుకు ఒక బ్యూటైల్ షీటు అతికిస్తే చాలావరకు సద్దుమణుగుతాయి. పదిహేను, ఇరవై కిలోల పెట్టెను డిక్కీలో వదులుగా వదిలేయకూడదు. గట్టిగా బ్రేకు పడితే అది వెనక సీటులో ఉన్నవారి వీపు మీదికి వస్తుంది. కొక్కేలకు పట్టీతో కట్టండి, లేదా కింద ఏముందో చూసుకుని బోల్టు వేయించండి. అరగంట గట్టిగా పాటలు పెట్టాక బానెట్ ఎత్తి ఫ్యూజ్ హోల్డర్ మీద, తర్వాత ఎర్త్ బోల్టు దగ్గర చేయి పెట్టి చూడండి. చుట్టుపక్కల కంటే వేడిగా తగిలితే అక్కడ బిగువు చాలలేదు, విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాలి.